ముందు 50, వెనక 70 అంటోంది స్టిక్కరు – కార్గో వ్యాన్‌కి ఖాళీగా ఉన్నా ఇంతే గాలి పెట్టాలా?

సరుకుబండి
అందరికీ నమస్కారం. నాది కార్గో వ్యాన్, వెనక సింగిల్ టైర్లే, అంటే పక్కకి ఒక్కటే. లోపల రెండు పక్కలా ర్యాకులు బిగించి ఉన్నాయి, మెషిన్ల విడిభాగాలు డెలివరీ చేస్తుంటాను. ఈమధ్యే నాలుగు టైర్లూ మార్పించాను. సైజు 235/65 ఆర్16సి, దాని పక్కన 121/119ఆర్ అని ఉంది.

డ్రైవర్ డోరు తెరిస్తే పిల్లర్ మీద స్టిక్కరు: ముందు 50, వెనక 70 పీఎస్ఐ. టైర్లు బిగించిన కుర్రాడు మాత్రం నాలుగింటికీ 45 కొట్టి, "ఇంతకంటే ఎక్కితే పేలుద్దండీ" అన్నాడు. తోటి డ్రైవరేమో "టైరు మీద 83 అని రాసుంది కదా, 80 కొట్టించెయ్, మైలేజీ కలిసొస్తుంది" అంటాడు. 45తో లోడేసుకుని వెళ్తే మలుపుల్లో బండి ఊగుతోంది. పాత టైర్లలో 70 ఉన్నప్పుడేమో ఖాళీగా తిరిగొచ్చేటప్పుడు వెనక ఎగిరెగిరి పడేది. ఎవరి మాట వినాలి?

గేజ్_గురు
స్టిక్కరు మాట వినండి. మిగతా ఇద్దరినీ పక్కన పెట్టండి.

టైరు మీద ఉన్న 83 మీ బండి కోసం రాసింది కాదు. ఆ టైరు మోయగల గరిష్ఠ బరువు మోయాలంటే అందులో ఉండాల్సిన గాలి అది. 121 అనేది లోడ్ ఇండెక్స్, అంటే ఒక్కో టైరుకి 1450 కిలోలు. రెండో అంకె 119 జంట టైర్లుగా వేసినప్పటిది, 1360 కిలోలు. చివరి 'ఆర్' వేగం, గంటకు 170 కి.మీ. దాకా. అదే టైరు వేరే బండికి వేస్తే వేరే గాలి పెట్టాలి. యాక్సిల్ మీద ఎంత బరువు పడుతుంది, బ్రేకు ఎలా పడాలి, మలుపులో బండి ఎలా తిరగాలి, ఇవన్నీ చూసుకుని బండి కంపెనీ ఇచ్చిన అంకె స్టిక్కరు మీద ఉంటుంది.

45 సంగతికొస్తే, అది కార్లకు గాలి కొట్టే చేతి అలవాటు. గాలి తగ్గినకొద్దీ టైరు మోసే బరువూ తగ్గుతుంది. 83 దగ్గర 1450 మోసే టైరు 45 దగ్గర దాదాపు 890 కిలోలే మోస్తుంది. ఇది నా మోటు లెక్క, కచ్చితంగా కావాలంటే టైరు కంపెనీ లోడు పట్టిక చూడాలి. మీ వెనక చక్రం మీద లోడుతో ఎంత పడుతోందో తెలుసా?

రాత్రిడ్యూటీ
పేలుద్దని గాలి తగ్గించడం ఏంటో నాకు ఎప్పటికీ అర్థం కాదు. పేలేవన్నీ ఎక్కువగా గాలి తక్కువున్నవే! గాలి చాలనప్పుడు చక్రం తిరిగే ప్రతి చుట్టుకీ టైరు పక్క గోడ నలిగి లేస్తుంది. అలా నలిగీ నలిగీ లోపల వేడి పుడుతుంది. హైవే మీద ఆ వేడి బయటికి పోయే తీరిక ఉండదు. రబ్బరూ స్టీలు బెల్టూ అతుక్కున్న చోట వదులై ఓ రోజు పై పొర మొత్తం ఊడొస్తుంది. రోడ్డు పక్కన పట్టీలు పట్టీలుగా పడుండే టైరు తోలు చూశారుగా, చాలామటుకు అదే కథ.

ఊగుడు కూడా గాలి తక్కువై వస్తున్నదే. మొదట వెనక టైర్లు 70కి తెచ్చి చూడండి.

పాతస్టెప్నీ
అందరూ పుస్తకం చదివి చెప్తున్నారు. నేను ఏళ్ల తరబడి వ్యాన్ నడుపుతున్నా. ఎండాకాలం హైవే ఎక్కితే 70 కాస్తా 80 అవుద్ది. దారిలో ఆపి పది పాయింట్లు దింపేస్తా. నాకేం కాలా ఇంతవరకు.

చల్లగాలి
అన్నా, మీ అనుభవాన్ని కాదనను గానీ ఆ ఒక్క పని మాత్రం ఎవరూ చేయకండి. స్టిక్కరు మీద 70 అంటే చల్లగా ఉన్నప్పుడు 70. పరుగులో పెరుగుతుందని తెలిసే ఆ అంకె ఇచ్చారు, పెరిగే పది కూడా లెక్కలో ఉన్నదే. వేడి మీద 80 చూపిస్తున్న టైరులోంచి పది దింపి 70 చేశారనుకోండి. రాత్రికి చల్లారాక అందులో 61 దగ్గర ఉంటుంది. మర్నాడు లోడేసి బయల్దేరితే తక్కువ గాలితో ఇంకా వేడెక్కుతుంది. మళ్లీ 70 దాటి చూపిస్తుంది, మళ్లీ దింపుతారు. అలా ప్రతి ట్రిప్పుకీ అసలు గాలి దిగిపోతూ ఉంటుంది.

ఇంకోటి. నాలుగింటిలో ఒక్క టైరే మిగతావాటికంటే బాగా ఎక్కువ వేడెక్కితే అది వాతావరణం వల్ల కాదు. ఆ టైరులో గాలి తక్కువన్నా ఉండాలి, బ్రేకు పట్టేసన్నా ఉండాలి. చెయ్యి దగ్గరికి పెడితేనే తేడా తెలుస్తుంది.

పాతస్టెప్నీ
61 ఎలా వచ్చింది? 80లో పది పోతే 70, మళ్లీ చల్లారితే 60 కదా, అంత కచ్చితంగా ఎలా చెప్తారు?

చల్లగాలి
గేజీ చూపించేది బయటి గాలి కంటే ఎంత ఎక్కువ ఉందన్నది. బయటి గాలి 14.7 కలుపుకుంటే 70 అంటే 84.7, 80 అంటే 94.7. వేడికి పెరిగిన నిష్పత్తి 1.118. వేడి మీద 70కి దింపితే లోపల 84.7 ఉన్నట్టు. దాన్ని 1.118తో భాగిస్తే 75.8, అందులోంచి 14.7 తీస్తే 61. మీ 60కి దగ్గరే లెండి, ఒక్క పాయింటు తేడా.

ఇదే లెక్క చలికీ పనికొస్తుంది. కారు టైరులో ఉష్ణోగ్రత 5, 6 డిగ్రీలు తగ్గితే ఒక పాయింటు పోతుందంటారు. మన టైర్లలో గాలి రెట్టింపు కాబట్టి అదే చలికి పాయింటున్నర పైనే పోతుంది. మూసిన షెడ్డులో 25 డిగ్రీల వెచ్చదనంలో 70 పెట్టి, సున్నా డిగ్రీల బయటికి తీసుకెళ్తే తెల్లారేసరికి 63. ఎక్కడా లీకు లేదు, పంక్చరూ లేదు.

సరుకుబండి
థాంక్స్ అందరికీ. చల్లగా ఉన్నప్పుడు అంటే ఎంతసేపు ఆగాలి? ఇంటి దగ్గర కంప్రెసర్ లేదు. గాలి పట్టే చోటు కొన్ని కిలోమీటర్ల దూరం, అక్కడికి చేరేసరికి టైరు వేడెక్కిపోతుంది.

గేజ్_గురు
కనీసం మూడు గంటలు కదలకుండా ఉంటే చల్లగా ఉన్నట్టు. లేదా మెల్లగా ఒకటిన్నర కిలోమీటరు లోపు నడిపి ఉండాలి. పొద్దున్నే ఎండ తగలకముందు చూడటం మేలు. ఒక పక్క ఎండ పడుతుంటే ఆ వైపు టైర్లు రెండు మూడు పాయింట్లు ఎక్కువ చూపిస్తాయి, అది చూసి గాలి తీసేసేవాళ్లున్నారు.

దూరం సమస్యకి ఓ చిట్కా. మంచి గేజీ ఒకటి బండిలో పెట్టుకోండి. ఇంటి దగ్గరే చల్లగా కొలిచి కాగితం మీద రాసుకోండి. ముందు ఎడమ 46 వచ్చిందనుకుందాం, కావాల్సింది 50, అంటే నాలుగు తక్కువ. గాలి పట్టే చోటికి వెళ్లాక అదే టైరు 50 చూపించినా సరిపోయిందనుకోకండి. ఆ 50 మీద నాలుగు కలిపి 54 చేయండి. ఇంటి దగ్గర ఎంత తగ్గిందో అంతే కలపాలి, అక్కడి అంకెతో పని లేదు. మర్నాడు పొద్దున మళ్లీ చూస్తే ఒక పాయింటు అటూ ఇటూగా సరిగ్గా ఉంటుంది.

నాలుగుచక్రాలు
గేజీ కొనేటప్పుడు పైఅంకె చూసి కొనండి. కార్ల కోసం చేసినవి కొన్ని 60తోనే ఆగిపోతాయి, 70 ఎలా చూస్తారు? 100 దాకా ఉన్నది తీసుకోండి. అలాగని 200 దాకా ఉన్న పెద్ద డయల్ వద్దు, గీతలు దగ్గరదగ్గరగా ఉండి రెండు మూడు పాయింట్ల తేడా కనపడదు. ఎప్పుడూ ఒకే గేజీతో కొలవండి. కాస్త తప్పు చూపించినా రోజూ ఒకేలా తప్పు చూపిస్తుంది, తేడా పట్టుకోవచ్చు.

సిగరెట్ లైటర్ సాకెట్‌లో పెట్టే చిన్న పంపులున్నాయే, డబ్బా మీద 150 అని రాసుంటుంది. 60 దాటాక అవి మూలుగుతాయి. వ్యాన్‌కి కావాలంటే బ్యాటరీకి క్లిప్పులు తగిలించే రకం తీసుకోవాలి. నడుమ నడుమ ఆపి చల్లారనివ్వాలి కూడా.

వెనకయాక్సిల్
అందరూ గాలి గురించే మాట్లాడుతున్నారు. గాలి సగం సంగతే, బరువు మిగతా సగం. సరుకుబండి గారూ, ఒకసారి వేబ్రిడ్జి మీదికి వెళ్లండి. మొత్తం బండి తూకం ఒక్కటే తీసుకుని వచ్చేయకండి. ముందు చక్రాలు మాత్రమే కాటా మీద పెట్టి ఒకసారి, వెనకవి మాత్రమే పెట్టి ఒకసారి తూచండి. వీలైతే కుడి ఎడమ పక్కలు విడిగా కూడా. లోడుతో ఓసారి, ఖాళీగా ఓసారి. మీకు ర్యాకులున్నాయంటున్నారు కాబట్టి ఖాళీ అన్నది నిజంగా ఖాళీ కాదు, అవీ సరుకు లెక్కలోకే వస్తాయి.

స్టిక్కరు మీద యాక్సిల్‌కి గరిష్ఠ బరువు కూడా ఉంటుంది, అది దాటుతున్నారేమో చూసుకోండి. దాటితే గాలి ఎంత కొట్టినా లాభం లేదు.

సరుకుబండి
వెళ్లొచ్చాను. ఖాళీగా (ర్యాకులు, నేను, సగం ట్యాంకు డీజిల్) ముందు 1340, వెనక 1120. నిండు లోడుతో ముందు 1460, వెనక 2060. యాక్సిల్ పరిమితి దాటలేదు. కానీ వెనక పక్కలు విడిగా తూస్తే ఎడమ 970, కుడి 1090!

వెనకయాక్సిల్
చూశారా! 45 దగ్గర ఆ టైరు దాదాపు 890 మోస్తుందన్నారు గేజ్_గురు. మీ కుడి వెనక టైరు మీద 1090 ఉంది. దాని శక్తికి మించి 200 కిలోలు మోయిస్తూ తిరిగారు. 70 దగ్గర అదే లెక్క ప్రకారం 1260 పైనే మోస్తుంది కాబట్టి చేతిలో కాస్త మిగులుంటుంది. స్టిక్కరు ఊరికే రాయలేదు.

కుడి ఎడమ తేడా ఉంది కదా అని కుడికి ఎక్కువ, ఎడమకి తక్కువ పెట్టకండి. ఒకే యాక్సిల్ మీద రెండు టైర్లకీ ఒకే గాలి ఉండాలి, బరువెక్కువ పడే చక్రానికి ఎంత కావాలో అంత. తేడా తగ్గించాలంటే సరుకు సర్దుబాటు మార్చండి. బరువైన పెట్టెలు ర్యాకు పై అరలోంచి దించి, నేల మీద యాక్సిల్‌కి ముందుగా, మధ్యలో పెట్టండి.

రాత్రిడ్యూటీ
అది సరే, ఆయన అసలు ప్రశ్న ఖాళీ బండి ఎగరడం గురించి కదా. వెనక 1120 అంటే చక్రానికి 560. దానికి 70 ఎందుకు?

గేజ్_గురు
నా మోటు లెక్కలో పెడితే 560 కిలోలకి 25 పీఎస్ఐ చాలంటుంది. పెడతారా 25? పెట్టరు. లెక్క తప్పు కాదు గానీ అది నిలబడి ఉన్న బరువు ఒక్కటే చూస్తుంది. పొడుగాటి వ్యాన్, పక్కగాలి, సడన్ బ్రేకు, గతుకులో పడినప్పుడు ఒక్క చక్రం మీదే పడే దెబ్బ, ఇవేవీ దానికి తెలియవు. టైరు కంపెనీల పట్టికలు కూడా సాధారణంగా అంత కిందికి దిగవు.

అలాగని ఖాళీ బండిలో 70 గొప్పగా ఉంటుందనీ అనను. టైరు మధ్య భాగమే రోడ్డుకి ఆనుతుంది, తడి రోడ్డు మీద వెనక జారే అవకాశం ఎక్కువ, మధ్య గాడులు ముందు అరుగుతాయి. నా అభిప్రాయం ఇది: బండితో వచ్చిన పుస్తకం తెరిచి చూడండి. కొన్ని కంపెనీలు సగం లోడుకి ఒక వరుస, నిండు లోడుకి ఒక వరుస ఇస్తాయి. ఉంటే ఆ సగం లోడు అంకె వాడుకోవచ్చు. లేకపోతే స్టిక్కరు దాటి సొంతంగా తగ్గించొద్దు. పొద్దున నిండు, సాయంత్రం ఖాళీ తిరిగే బండికైతే అసలు ఆ ఆలోచనే వద్దు. రోజుకి రెండుసార్లు గాలి మార్చేవాడిని నేనింతవరకు చూడలేదు. తగ్గించినవాడు మాత్రం మళ్లీ పెంచడం మర్చిపోతాడు.

పాతస్టెప్నీ
నేనైతే ఖాళీగా వెళ్లే రోజు వెనక 60 పెడతా. ఇదైనా ఒప్పుకుంటారా?

వెనకయాక్సిల్
చల్లగా ఉన్నప్పుడు, బరువు తూచుకుని, వారమంతా ఖాళీగానే తిరిగేట్టయితే, పుస్తకంలో ఉన్న సగం లోడు అంకె కంటే తగ్గకుండా ఉంటే ఒప్పుకుంటా అన్నా. దారిలో ఎవరో ఫోన్ చేసి "వస్తూ వస్తూ ఈ సరుకు వేసుకురా" అన్నారంటే మాత్రం ముందు గాలి, తర్వాతే సరుకు.

కొత్తడ్రైవర్
మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోకండి. నాదీ ఇలాంటి వ్యానే. ఇదే సైజులో 'సి' లేని కారు టైర్లు చవగ్గా దొరుకుతున్నాయి, మెత్తగా కూడా ఉంటాయట. 235/65 ఆర్16, 103 అని ఉంది. వేసుకోవచ్చా?

గేజ్_గురు
వద్దు బాబూ. 103 అంటే 875 కిలోలు. రెండు కలిపితే 1750. పైన సరుకుబండి గారి వెనక యాక్సిల్ మీద 2060 ఉంది, మీదీ అంతే అయితే ఆ టైర్లు బయల్దేరకముందే ఓడిపోయినట్టు. వాటిలో 70 కొట్టడానికీ వీల్లేదు, ఆ నిర్మాణం అంత గాలి కోసం చేసింది కాదు. గాలి పెంచినంత మాత్రాన లోడ్ ఇండెక్స్ పెరగదు. సైజు ఒకటే అయినా 'సి' అన్న ఒక్క అక్షరంలో ఉంది తేడా అంతా. బండికి మొదట వచ్చిన ఇండెక్స్ కంటే తక్కువది ఎప్పుడూ వేయకండి.

కొత్తడ్రైవర్
అర్థమైంది సార్. ఇంకొకటి, నా బండికి టైరు గాలి లైటు ఉంది. స్టార్ట్ చేయగానే కాసేపు మిణుకు మిణుకుమని తర్వాత అలాగే వెలుగుతూ ఉంటుంది. గాలి చూస్తే సరిగ్గానే ఉంది. టెన్షన్‌గా ఉంది.

చల్లగాలి
మొదట ఒక నిమిషం, నిమిషంన్నర మిణికి, తర్వాత నిలిచి వెలిగితే సిస్టమ్‌లోనే లోపం. సెన్సర్ బ్యాటరీ అయిపోయి ఉండొచ్చు, అవి 5 నుంచి 10 ఏళ్లే వస్తాయి. మిణక్కుండా నేరుగా వెలిగితే గాలి తగ్గినట్టు. రెండూ వేరు.

లైటు వెలగలేదు కాబట్టి గాలి బాగుందనుకోవడం మాత్రం పొరపాటు. అమెరికా నిబంధన ప్రకారం స్టిక్కరు అంకె కంటే 25 శాతం తగ్గాక లైటు వెలగాలి. 70లో 25 శాతం అంటే 17 పైన. 53 దాకా జారినా అది కిమ్మనకపోవచ్చు. నిండు లోడుకి 53 చాలా తక్కువ.

నాలుగుచక్రాలు
నైట్రోజన్ గురించి ఎవరూ అడగలేదేంటి?

రాత్రిడ్యూటీ
అడక్కపోవడమే మంచిది. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజనే ఉంది. వేడికి అదీ పెరుగుతుంది, చలికి అదీ తగ్గుతుంది. లోపల తడి ఉండదు, కాస్త నెమ్మదిగా దిగుతుంది, అంతే. దొరికితే పట్టించుకోండి. దొరకలేదని తగ్గిన గాలితో మాత్రం తిరక్కండి, మామూలు గాలే కలిపేయండి.

సరుకుబండి
అప్‌డేట్. ముందు 50, వెనక 70 పెట్టి లోడుతో తిరిగాను. ఊగుడు పోయింది, స్టీరింగ్ కూడా తేలికైంది. కానీ కుడి వెనక టైరు మాత్రం వారం తిరక్కుండానే 64కి దిగింది, మిగతా మూడూ కదల్లేదు. మేకు ఏదీ కనపడలేదు.

సబ్బు నీళ్లు పోసి చూశాను. ట్రెడ్ మీద ఏమీ లేదు, రిమ్ము అంచు దగ్గరా లేదు. వాల్వ్ నోట్లో కూడా బుడగ రాలేదు. అప్పుడు వాల్వ్‌ని వేలితో కాస్త పక్కకి వంచితే, అది రిమ్ములోంచి బయటికొచ్చే చోట సన్నగా నురగ కట్టింది. వదిలితే ఆగిపోతోంది. వంచినప్పుడు వాల్వ్ మొదలు దగ్గర వెంట్రుకంత సన్నటి పగుళ్లు కనిపించాయి. రబ్బరు మీద 413 అని అచ్చు ఉంది. టైర్లు కొత్తవే గానీ వాల్వ్‌లు పాతవే ఉంచేసినట్టున్నారు.

వెనకయాక్సిల్
దొరికింది దొంగ! టీఆర్ 413 అంటే కార్లకు వేసే మామూలు రబ్బరు వాల్వ్. దాని పరిమితి చల్లగా 65 పీఎస్ఐ. మీరు 70 పెడుతున్నారు, పైగా అది పాతబడి పగిలింది. వెంటనే మార్పించండి, ఒక్కటి కాదు, నాలుగూ. ఎక్కువ గాలి తట్టుకునే రబ్బరు వాల్వ్‌లు వేరే ఉన్నాయి, టీఆర్ 600 హెచ్‌పీ అని. లేదా నట్టుతో బిగించే లోహపు వాల్వ్‌లు వేయించండి, లోడు బండికి నేనైతే అవే వేయిస్తా. ఎవరు బిగించినా రిమ్ము రంధ్రం సైజు చూసి బిగించమనండి.

అప్పటిదాకా నిండు లోడు వేయకండి.

సరుకుబండి
లోహపు వాల్వ్‌లే వేయించేస్తా. మూత బదులు వాల్వ్ మీద బిగించే చిన్న సెన్సర్లు కూడా కొందామనుకుంటున్నా, నా బండికి లైటు లేదు కాబట్టి. పర్వాలేదా?

చల్లగాలి
లోహపు వాల్వ్‌లు వేయించాక అయితే పర్వాలేదు. రబ్బరు వాల్వ్ మీద మాత్రం బిగించొద్దు. చక్రం తిరిగేటప్పుడు ఆ కాస్త బరువే వాల్వ్‌ని బయటికి లాగి వంచుతూ ఉంటుంది, మీరు వేలితో వంచి చూసిందే అది రోడ్డు మీద చేస్తుంది. అలారం అంకె ముందుకీ వెనక్కీ వేర్వేరుగా పెట్టుకునే రకం కొనండి. అన్నిటికీ ఒకే అంకె ఉండే రకం మన బండ్లకి పనికిరాదు. గాలి పెట్టాలంటే ప్రతిసారీ సెన్సర్ విప్పి మళ్లీ బిగించాలి, కింద వాషర్ పడిపోకుండా చూసుకోండి.

నాలుగుచక్రాలు
వాల్వ్‌లు మార్పించేటప్పుడు టైరు ఎలాగూ డిస్కు నుంచి విప్పుతారు కదా, కుడి వెనక టైరు లోపల టార్చి వేసి చూడండి. ఓవర్‌లోడుతో, తక్కువ గాలితో తిరిగింది అదే. లోపలి గోడ చుట్టూ నల్లటి పొడి రాలి ఉన్నా, వేలితో తడిమితే గరుగ్గా ఒక పట్టీలా అరిగినట్టు ఉన్నా ఆ టైరు వాడొద్దు, కొత్తదైనా సరే. అలాంటి టైరుకి గాలి పెట్టేటప్పుడే గోడ చీలిపోయే ప్రమాదం ఉంది. గాలి పెట్టేవాళ్లు టైరుకి ఎదురుగా కూర్చోకుండా పక్కకి నిలబడి, పొడుగు పైపుతో పెట్టాలి.

స్టెప్నీ సంగతి కూడా చూడండి. బండి కింద వేలాడుతూ ఉంటుంది, ఎవరూ పట్టించుకోరు. దానికి వెనక చక్రాల గాలే పెట్టి ఉంచండి. ముందుకి వేయాల్సొస్తే దింపుకోవచ్చు. రోడ్డు మీద పెంచుకోవడం కష్టం.

సరుకుబండి
విప్పి చూశాం. లోపల శుభ్రంగా ఉంది, పొడీ లేదు, అరుగుదలా లేదు. కొత్త వాల్వ్‌లతో పెట్టిన 70 అలాగే నిలబడి ఉంది. స్టెప్నీలో 38 ఉంది!

కొత్తడ్రైవర్
మా ఓనర్ దగ్గర వెనక జంట టైర్ల వ్యాన్ ఒకటుంది. దానికి లోపలి టైరు గాలి చూడాలంటే చెయ్యి దూరదు. బయటిది చూసి వదిలేస్తున్నాం. సరిపోతుందా?

వెనకయాక్సిల్
సరిపోదు. లోపలిది పూర్తిగా దిగిపోయినా బయటిది బండిని నిలబెట్టేస్తుంది, చూడ్డానికి తేడా తెలియదు. ఆ బరువంతా బయటిదే మోస్తుంటుంది. కాలితో తన్ని చూడటం, కర్రతో కొట్టి చూడటం వల్ల ఉపయోగం లేదు, పది ఇరవై పాయింట్ల తేడా వాటికి దొరకదు. రెండు తలల గేజీలు దొరుకుతాయి. ఒక తల ముందుకి, ఒకటి వెనక్కి వంగి ఉంటుంది. దాంతో బయటి చక్రం రంధ్రంలోంచి లోపలి వాల్వ్ అందుతుంది. అప్పటికీ అందకపోతే వాల్వ్‌కి ఎక్స్‌టెన్షన్ వేయించండి. లోహపు అల్లిక ఉన్న గొట్టమే తీసుకోండి. దాని బయటి కొసని డిస్కుకి క్లిప్పుతో కదలకుండా బిగించమనండి, లేకపోతే ఊగి ఊగి అక్కడే లీకవుతుంది.